మందులున్నవి, కనిపెట్టి చూచువా రేరి?

మన తెలుగు రాష్ట్రములలో గుండెజబ్బు చికిత్స యనగనే సామాన్యుని మనస్సునకు తోచునవి స్టెంటు, బైపాసు, ఆపరేషను థియేటరు, పేరుమోసిన సర్జను. పత్రికలలో వార్త యగునదియు, శాసనసభలో ప్రశ్న యగునదియు, 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది మొదలు ప్రభుత్వములు తమ ఘనకార్యములుగ చెప్పుకొనునదియు నిట్టి చికిత్సలనే. వాని విలువను తగ్గించి చెప్పుట నా యుద్దేశము కాదు. కాని గుండెపోటునుండి బ్రతికి బయటపడినవారిలో పలువురును, బహుకాలము రక్తపుపోటును నిర్లక్ష్యము చేసినవారును, బాల్యమున కీళ్లవాతజ్వరము సోకి గుండె కవాటములు చెడినవారును, ప్రసవకాలమున హృదయకండరము బలహీనపడిన కొందఱు తల్లులును తుదకు వచ్చి చేరు స్థితి యొకటి కలదు. దానినే వైద్యులు హార్ట్ ఫెయిల్యూ రనియు, పత్రికలు గుండె వైఫల్య మనియు వ్యవహరించుచున్నవి. ఈ స్థితికి వచ్చినవారిలో చాలమందికి కత్తితో పని లేదు. వారిని బ్రతికించునవి దినదినము మ్రింగు మాత్రలు. ఆ మాత్రలు సరిగా పనిచేయునట్లు చూచునది వైద్యునికంటె ఎక్కువగ నర్సు. ఈ రెండవ మాటను మన ప్రభుత్వములును, ఆసుపత్రి యాజమాన్యములును, నిజము చెప్పవలెనన్న మన వైద్యులలో అనేకులును ఇంకను మనసున కెక్కించుకొనలేదని నా యభియోగము.

గుండె తన పనికి చాలనంత బలహీనమైనపుడు గాని, బిరుసెక్కి రక్తమును తగినంతగ నింపుకొనలేనపుడు గాని, దేహమున కందవలసిన రక్తప్రవాహము తగ్గును. ఇచట ప్రకృతియే పొరబడును. ప్రవాహము తగ్గుట కనిపెట్టిన మూత్రపిండములు, ఎచటనో గాయమై రక్తము పోవుచున్నదని భ్రమించినట్లుగ, ఉప్పును నీటిని బయటికి పోనీయక బిగబట్టును, రక్తనాళములు ముడుచుకొనును, నాడివేగము హెచ్చును. గాయపడినవానికి ప్రాణరక్షక మగు ఈ యేర్పాటే అలసిన గుండెకు మోయరాని భారమగును. నిలిచిపోయిన నీరు పగలెల్ల పాదములలోనికి దిగును. రాత్రి వెల్లకిల పరుండగనే ఊపిరితిత్తులకు చేరును. అందుచేతనే రోగి మొదట ఒక దిండుతోను, పిదప రెండింటితోను, తుదకు గోడకు చేరగిలబడి కూర్చుండియు నిద్రించును. నడిరేయి ఊపిరాడక లేచి కిటికీ దగ్గఱకు పోవును. ఇంటివారు దీనిని ఉబ్బస మందురు, గ్యా సందురు, ముసలితన మందురు.

ముసలితన మనుట మన దేశమున చెల్లదు. దేశమందలి 53 ఆసుపత్రులలో 10,851 మంది రోగుల వివరములు సేకరించిన జాతీయ రిజిస్ట్రీ ఫలితములు 2022లో ప్రకటితము లైనవి. ఆ రోగుల సగటు వయస్సు సుమారు 60 ఏండ్లే. తొంబది దినములలోపల నూటికి పదునలుగురు మరణించిరి. గుండె సంకోచశక్తి తగ్గినవారిలో శాస్త్రసమ్మతమైన మందులు పొందినవారు సగముకంటె తక్కువ. తిరువనంతపురమున 2013లో నమోదైన 1205 మందిని ఐదేండ్లు వెంబడించి చూడగా నూటికి ఏబదితొమ్మిదిమంది అప్పటికి జీవించి లేరు. అనేక విధములగు క్యాన్సర్లకంటె ఇది క్రూరము. ఐనను క్యాన్సరు పేరు విన్నంతనే వణకు కుటుంబము ఈ జబ్బు విషయమున మాత్రము “గుండె కొంచెం వీకుగా ఉందన్నారు” అని చెప్పుకొని నిశ్చింతగ నుండును.

ఈ వ్యాధికి చేతనైన మందు లేని కాలము దీర్ఘమైనది. ఇంగ్లండు దేశమున బర్మింగుహాములో వైద్యము చేయుచుండిన విలియం విదరింగు, ష్రాప్‌షైరు ప్రాంతపు వృద్ధురాలొకతె ఒళ్లు నీరుపట్టినవారికి రహస్యముగ నిచ్చుచుండిన కషాయమును పరిశీలించి, అందలి ఇరువది మూలికలలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ అను మొక్క యొకటే యని గ్రహించి, తన అనుభవమునంతయు 1785లో గ్రంథరూపమున ప్రకటించెను. డిజిటాలిస్ పుట్టుక అది. ఆ జాతి మొక్కనుండియే 1930లో వేఱుచేసిన డిజాక్సిన్ నేటికిని మన వార్డులలో నున్నది. ఆ గ్రంథమున మందు గొప్పతనమును చెప్పిన భాగముకంటె, దానిని ఎప్పుడు నిలుపవలెనో చెప్పిన భాగమే నా కెక్కువ విలువైనదిగ తోచును: మూత్రము, కడుపు, నాడి, విరేచనము, వీనిలో దేనియందు మార్పు కనబడినను మందు ఆపుడని ఆయన హెచ్చరించెను. అనగా రోగి ప్రక్కన కనిపెట్టుకొని యుండువా రొకరు లేనిచో ఆ యౌషధమే విషమగును.

1919లో వియన్నా నగరపు వైద్యశాలలో జరిగిన సంగతి ఇంతకంటె చమత్కారమైనది. సిఫిలిస్ వ్యాధికై నోవసురాల్ అను పాదరసపు ఇంజెక్షనును ఒక యువతికి ఇచ్చుచుండిరి. వార్డు నర్సులు ఆమె మూత్రపు కొలతను దినదినమును పట్టికలో వ్రాసి యుంచిరి. ఆ పట్టికను చూచిన ఆల్ఫ్రెడ్ వోగల్ అను వైద్యవిద్యార్థికి, ఇంజెక్షను పడిన దినములలో మూత్రము విపరీతముగ పెరుగుచుండుట కనబడెను. పిమ్మట ఒళ్లంతయు నీరుపట్టిన హృద్రోగులకు దానిని ఇచ్చి చూడగా లీటర్లకొలది నీరు వెడలిపోయెను. లాసిక్స్ వంటి మేలైన మందులు వచ్చువఱకు, రమారమి నాలుగు దశాబ్దములు, పాదరసపు ఇంజెక్షన్లే గుండెనీటికి దిక్కైనవి. వోగల్ పేరు వైద్యచరిత్రలో కలదు. పట్టిక వ్రాసినవారిని తలచువారు అరుదు.

తరువాతి కథ వేగముగ నడచినది. నేనును వేగముగనే చెప్పెదను. 1987లో స్కాండినేవియా దేశముల పరిశోధకులు వ్యాధి ముదిరినవారికి ఎనలాప్రిల్ ఇచ్చి చూడగా, ఆఱు నెలలలో నూటికి 44గా నుండిన మరణములు 26కు దిగినవి. గుండె వేగమును తగ్గించు బీటా బ్లాకర్లను బలహీన హృదయునకు ఇచ్చుట ప్రాణాంతకమని పాఠ్యగ్రంథములు నిషేధించుచుండగా, స్వీడను దేశమున గోటెబర్గు వైద్యులు 1970ల దశకముననే ఆ నిషేధమును ప్రశ్నించిరి. 1999లో వెలువడిన రెండు పెద్ద ప్రయోగములు ఆ మందులవలన మరణములు మూడవవంతు తగ్గునని నిరూపించినవి. అదే సంవత్సరమున చవుకబారు పాత మాత్రయగు స్పిరోనొలాక్టోన్ మరణములను నూటికి ముప్పది తగ్గించునని తేలినది. 2014లో సాకుబిట్రిల్, వల్సార్టాన్‌ల జంట మాత్ర ఎనలాప్రిల్‌ను మించి దాని స్థానమున నిలిచినది. 2019లో మధుమేహమునకై పుట్టిన డపాగ్లిఫ్లోజిన్, చక్కెరవ్యాధి లేని హృద్రోగికిని మేలుచేయునని ఋజువైనది. ఈ నాలుగు తెగల మందులును నేడు కలిపి ఈయవలసినవి. మన దేశమున డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లోను, జంట మాత్రది 2023లోను, డపాగ్లిఫ్లోజిన్ తెగకే చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లోను ముగియుటచే వాని ధరలు అనేక రెట్లు పడిపోయినవి. ఇన్ని వరములు ఒక్క తరములో లభించిన రోగము వైద్యశాస్త్రమున మఱొకటి కలదో లేదో సందేహమే.

కాని ఈ మందులలో ఒక్కటియు వ్రాసియిచ్చి మఱచిపోదగినది కాదు. ప్రతి మందును చిన్న మోతాదుతో మొదలిడి, రక్తపుపోటును నాడిని చూచుకొనుచు, వారముల తరబడి పెంచుకొని పోవలెను. ఎనలాప్రిల్ కొందఱికి వదలని పొడిదగ్గు తెచ్చును. రోగి దానిని జలుబనుకొని దగ్గుమందు త్రాగుచుండును. బీటా బ్లాకరగు మెటోప్రొలాల్ మొదలిడిన తొలి వారములలో నీరసము హెచ్చినట్లు తోచును. “ఈ బిళ్ళ నాకు పడలేదు” అని రోగి దానిని తానే మానివేయును. స్పిరోనొలాక్టోన్ వలన మగవారిలో కొందఱికి రొమ్ములు వాచి నొప్పి కలుగును. డపాగ్లిఫ్లోజిన్ వలన మర్మస్థానమున దురద పుట్టవచ్చును. మూడు నిమిషముల వ్యవధిలో పదిమంది వినుచుండగా మగడాక్టరుతో ఈ మాట చెప్పగల స్త్రీ యెవతె? సిస్టరు చెవిలో చెప్పును. చెప్పుటకు సిస్టరు లేనిచో మాత్ర మానివేయును. ఇక లాసిక్స్ సంగతి. మ్రింగిన కొలదిసేపటిలోనే మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చును. కావున కూలికి పోవు దినమునను, బస్సెక్కి ఊరికి పోవు దినమునను, పెండ్లింట పగలెల్ల కూర్చుండవలసిన దినమునను మన యాడువారు దానిని ముట్టరు. మధ్యాహ్నము ఇంటికి చేరిన పిదప వేసికొనవచ్చునని చెప్పువారు లేక, వారములో మూడునాళ్లు మానుకొని, నాల్గవనాడు ఊపిరాడక ఆటోలో ఆసుపత్రికి వచ్చెదరు. “మందులు వాడుతున్నావా?” అని డాక్టరు గద్దించును, “వాడుతున్నానండీ” అని ఆమె తల వంచుకొనును.

కనిపెట్టి చూచు ఏర్పాటు లేక మందు మాత్రము పెరిగిన నేమగునో కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రము చూపినది. 1999 నాటి ఫలితములు వెలువడగనే అచటి వైద్యులు స్పిరోనొలాక్టోన్‌ను విరివిగ వ్రాయజొచ్చిరి. రక్తమున పొటాసియము ప్రమాదకరముగ పెరిగి ఆసుపత్రి పాలగువారు 1994లో వేయిమందికి 2.4గా నుండి 2001 నాటికి 11కు చేరిరి. మందు చెడ్డది కాదు. ప్రయోగమున రోగులకు జరిగిన రక్తపరీక్షలు బయట జరుగలేదు. అంతటి సంపన్నదేశముననే ఇట్లు జరుగగా, రక్తపరీక్షకు ఒక పూట కూలి పోగొట్టుకొనవలసిన మన పల్లెవాసి గతి యేమి?

వార్డులో మంచి నర్సు చేయు పనిని దగ్గఱనుండి చూచినవారికి, ఆమెను డాక్టరు చెప్పినది చేసిపెట్టు సహాయకురాలని పిలుచుటకు నోరు రాదు. తెల్లవాఱగనే, రోగి మూత్రవిసర్జన చేసిన పిమ్మట, కాఫీ త్రాగకమునుపు, నిన్నటి తూనిక యంత్రము మీదనే అతనిని నిలువబెట్టి బరువు వ్రాయును. నిన్నటికంటె ఒక కిలో తగ్గినచో లీటరు నీరు పోయినదని అర్థము, ఇంతకంటె నమ్మదగిన పరీక్ష ఏ లాబరేటరీలోను లేదు. మంచము దిగలేని రోగికి పాదములు చూచి వాపు లేదని వ్రాసివేయదు. ప్రక్కకు త్రిప్పి నడుము క్రింద ఎముకపై బొటనవ్రేలితో నొక్కి చూచును, ఏలయన పరుండియున్నవానికి నీరు అచటనే చేరును, పుండు పడునదియు నచటనే. లాసిక్స్ హెచ్చుమోతాదులో నరమునకు ఇచ్చునపుడు నిమిషమునకు నాలుగు మిల్లిగ్రాములు దాటనీయదు. తొందరపడి ఎక్కించినచో రోగి చెవులు దెబ్బతినవచ్చును. డిజాక్సిన్ ఇచ్చుటకు ముందు పూర్తిగ ఒక నిమిషము నాడి చూచి, అఱువదికి తగ్గినచో మాత్ర చేత నుంచుకొని డాక్టరుకు కబురంపును. పచ్చగా కనబడుచున్నదనియు, అన్నము వాంతికి వచ్చుచున్నదనియు రోగి అన్నచో అది అజీర్ణమో డిజాక్సిన్ విషమో అని మొదట అనుమానించునది ఆమెయే. ఎన్ని నీళ్లు త్రాగినావని అడిగిన “రెండు గ్లాసులే” అని సమాధానము వచ్చును. కాఫీయు, మజ్జిగయు, రాగిజావయు నీళ్లక్రిందనే లెక్క యని తెలిసినది ఆమెకు. రాత్రి రెండు గంటలవేళ ఎవరు పరుండినారో, ఎవరు కూర్చుండినారో చూచునదియు నామెయే. ఆ సమాచారము పగటి రౌండులో వచ్చు ప్రొఫెసరునకు మఱి యేవిధమునను లభింపదు.

ఇట్టి నర్సు చేతిక్రింద ఎందఱు రోగులుండవలెనో నిబంధనలు కలవు. ఎందఱున్నారో మన ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక రాత్రి గడపినవారికి తెలియును. అందులోను ఆమె సగముకాలము రిజిస్టర్లకును, ఆన్‌లైను నమోదులకును పోవును.

ఇల్లు చేరిన పిదప రోగికి అసలు పరీక్ష. కూరలో ఉప్పు తగ్గించినామని ఇల్లాలు చెప్పును. పెరుగన్నములో మాగాయ, పప్పులో అప్పడము, చల్లమిరపకాయ, కోస్తా ఇండ్లలో ఎండుచేప, ఇవి యేవియు ఉప్పు లెక్కలోనికి రావు. కొంచెము చదువుకొన్న కొడుకు సోడియము తక్కువ యని ముద్రించిన ఉప్పు ప్యాకెట్టు కొనితెచ్చును. అందున్నది పొటాసియమనియు, తండ్రి మ్రింగు స్పిరోనొలాక్టోన్‌తో అది కూడినచో గుండె లయ తప్పవచ్చుననియు అతనికి చెప్పినవారు లేరు. పరామర్శకు వచ్చు బంధువులు చలువచేయునని కొబ్బరిబోండములు తెత్తురు; అదియు పొటాసియమే. మోకాళ్ల నొప్పికి మందులషాపులో అడిగి తెచ్చుకొను డైక్లోఫినాక్ బిళ్ల మూత్రపిండముల చేత ఉప్పును నిలుపుచేయించి, పదివేల రూపాయల వైద్యమును రెండు రూపాయలతో చెడగొట్టును. అన్నిటికంటె ఘోరమైనది మన యూళ్లలో నీరసమునకు ఎక్కించుకొను సెలైను. నీరసముగ నున్నదని రోగి ఊరి ఆర్ఎంపీ దగ్గఱకు పోవును. ఆయన మంచి మనసుతోనే సీసా తగిలించును. ఆ అరలీటరు సీసాలో నున్న ఉప్పు నాలుగున్నర గ్రాములు. ఆరోగ్యవంతుడు దినమంతయు తినదగినది ఐదు గ్రాములలోపే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, ఉప్పే శత్రువైన దేహమునకు గంటలో సూది గుండ నంత యెక్కించుచున్నాము. ఆ రాత్రి ఊపిరితిత్తులు నిండి 108 వాహనములో తరలింపబడు వానిని చూచి “సెలైను పెట్టినా నిలవలేదు పాపం” అని జాలిపడుదురు.

వీనిలో ఏ యొక్కటియు సర్జను పరిష్కరింపగలది కాదు. ఔట్‌పేషెంటు క్యూలో నూఱవవానిని చూచుచున్న డాక్టరునకును వీలుకానిదే. కాని నర్సు పరిష్కరింపగలదని నిరూపింపబడి ముప్పదియేండ్లు దాటినది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 70 ఏండ్లు పైబడిన 282 మంది రోగులలో కొందఱికి నర్సు నేతృత్వమున ఆహారోపదేశము, మందుల తనిఖీ, ఇంటికి పోయి చూచుట, టెలిఫోనులో విచారించుట జరిపించి, 1995లో ఫలితము ప్రకటించిరి: తొంబది దినములలో గుండె వైఫల్యముతో తిరిగి చేరుట సాధారణ వైద్యము పొందినవారిలో 54 మార్లు కాగా, వీరిలో 24 మార్లే. ఇటీవల 2022లో ప్రకటితమైన స్ట్రాంగ్ హెచ్‌ఎఫ్ అను అంతర్జాతీయ ప్రయోగమున, విడుదలైన రెండు వారములలోనే మందులను పూర్తి మోతాదుకు తెచ్చి, మాటిమాటికి పిలిచి పరీక్షించినవారిలో ఆఱు నెలలలో మరణించినవారును తిరిగి చేరినవారును కలిసి నూటికి 15. మామూలు పద్ధతిలో 23. ఆ ప్రయోగమున వాడినవి క్రొత్త మందులు కావు. క్రొత్తదనమంతయు పిలిచి చూచుటలో నున్నది.

మందు మోతాదు మార్చుట డాక్టరు పని, నర్సుకు విడిచిన ప్రమాదమని కొందఱు వైద్యమిత్రు లందురు. బ్రిటనులో శిక్షణ పొందిన హార్ట్ ఫెయిల్యూరు నర్సులు, నియమావళికి లోబడి, ఆ పని చాల సంవత్సరములుగ చేయుచున్నారు; వారిలో కేరళనుండియు మన రాష్ట్రములనుండియు వలసపోయినవారును కలరు. గ్లాస్గోలో చేయగల బిడ్డ గుంటూరులో చేయలేదనుట యేమి తర్కమో నాకు బోధపడదు. ఇచట ఆమెకు లేనిది తెలివి కాదు, అధికారమును జీతమును. 1947 నాటి పాత చట్టమును త్రోసిపుచ్చి 2023లో పార్లమెంటు క్రొత్తగ జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషను చట్టమును చేసినది. నర్సు వృత్తికి హద్దులను మరల గీయుటకు ఇంతకంటె తగిన సమయము దొరకదు.

మన దగ్గఱ పునాది లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2008 నుండి 104 వాహనము నెలకొకమారు పల్లెకు పోయి బి.పి., షుగరు బిళ్లలు పంచిన యనుభవ మున్నది. ఆంధ్రప్రదేశమున గ్రామ క్లినిక్కులలో బీయస్సీ నర్సింగు చదివిన యువతులు నేడు పనిచేయుచున్నారు. తెలంగాణమున పల్లె దవాఖానా లున్నవి. రెండు రాష్ట్రములలోను ఆశా కార్యకర్త ప్రతి గడప నెఱుగును. ఆ గడపలోని హృద్రోగికి బరువు చూచి, మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో ఫోను చేయుమని ఆమెకు ఒక పూటలో నేర్పవచ్చును. ఆ ఫోను ఎత్తువారు జిల్లా ఆసుపత్రిలో నుండవలెను; నేడు లేనిది వారే.

కావున ఉభయ ప్రభుత్వములను కోరునది ఇది. ఆపరేషనుకు లక్షలు మంజూరు చేయు పథకములో, ఆపరేషను అక్కఱలేని ఈ రోగికి నెలనెల మందులకును, మూడు నెలలకొకమారు పొటాసియము, క్రియాటినిన్ పరీక్షలకును పద్దు వ్రాయుడు. ప్రతి జిల్లా ఆసుపత్రికిని ఈ రోగుల కొఱకే ఇద్దఱు నర్సులను, ఇతర వార్డులకు మార్చకూడదను నియమముతో నియమించి, వారికి మోతాదు మార్చు నియమావళిని, ఒక తూనిక యంత్రమును, ఒక ఫోనును ఈయుడు. గుండెనీటితో చేరిన ప్రతి రోగి విడుదల పత్రముపైనను ఆనాటి బరువును, ఏడవ దినమున ఎవరిని కలిసికొనవలెనో ఆ నర్సు పేరును తప్పక వ్రాయవలెనని ఉత్తర్వు చేయుడు. రాబోవు బడ్జెట్టునకు ఈ వ్యయము భారము కానేరదు. ఒక్క క్యాథ్‌ల్యాబు ఖరీదుతో అనేక జిల్లాలలో ఈ యేర్పాటు సంవత్సరముల తరబడి నడుపవచ్చును.